వెర్నన్ గారి కుడిపక్క

సస్కచ్వాన్, కెనడా,
8 డిసెంబర్ 2024, ఆదివారం.

పూజ్యులు త్యాగరాజు మాస్టారి పాదాలకు, మీ దగ్గర కూత పెట్టడం నేర్చుకున్న అమరేశ్వరరావు నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేను, స్పందన, అమ్మాయి ధాత్రి కులాసా. మీరూ, అమ్మగారూ, హైమావతి అక్కా ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. మోకాలి ఆపరేషన్ తర్వాత మీరు మళ్ళీ పొద్దున్నే గ్రౌండుకి వెళ్తున్నారని అక్క చెప్పింది. చాలా సంతోషం. ఇక్కడ చలి మొదలైంది. నిన్న మైనస్ ఇరవై రెండు డిగ్రీలు.

మీ ఉత్తరాన్ని అక్క ఫోటో తీసి వాట్సాప్‌లో పంపింది. మీ దస్తూరీ ఫోన్‌లో చదవబుద్ధి కాక కాలేజీలో ప్రింట్ తీసుకుని చదివాను. మన హైస్కూలు కబడ్డీ జట్టుకి యాభయ్యేళ్ళు నిండుతున్నాయనీ, ఫిబ్రవరిలో పండగ చేస్తున్నామనీ, ఆ రోజు నాకు సన్మానం చేయాలని కమిటీ అనుకుందనీ రాశారు. కరపత్రంలో ‘కెనడా కాలేజీలో ఫుట్‌బాల్ కోచ్ అయిన మన సత్తెనపల్లి బిడ్డ’ అని వేయిస్తున్నామన్నారు. మాస్టారూ, అది ఇంకా అచ్చుకి వెళ్ళకపోతే నా పేరు తీసేయించండి. వెళ్ళినా సరే, నేను రాను. సెలవు దొరక్క కాదు. ఎందుకో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. ఫోన్‌లో అయితే సగంలో మీరు ‘పోనీలేరా’ అంటారు, నేను అక్కడే ఆగిపోతాను. అందుకని రాస్తున్నాను.

నేను ఇక్కడికి వచ్చింది 2019 జనవరిలో. అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు, స్పందన కడుపుతో ఉంది. రెజైనాకి రెండు గంటల దూరంలో ఉన్న ఈ చిన్న ఊళ్ళో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ డిప్లొమాలో చేరాను. కాలేజీ పేరు కావాలనే రాయడం లేదు, కరపత్రంలోకి ఎక్కుతుందని భయం. ఆ ఏడాది మా క్లాసులో నలభై మంది ఉంటే ఇరవై ఆరుగురు మన దేశంవాళ్ళే. ఆ తర్వాత ఏడాదికేడాది ఇంకా పెరిగారు. అందరిదీ ఒకటే లెక్క: చదువు రెండేళ్ళు, వర్క్ పర్మిట్ మూడేళ్ళు, ఆ లోపల పీఆర్, అంటే ఇక్కడే స్థిరపడే హక్కు. చదువుకుంటూ వారానికి ఇరవై గంటలు పనిచేయొచ్చు. నాకు కాలేజీ ఫుట్‌బాల్ జట్టు సామాను గదిలో దొరికింది. మట్టి కొట్టుకుపోయిన జెర్సీలు ఉతకడం, హెల్మెట్లు తుడవడం, మైదానంలో సున్నం గీతలు గీయడం.

ఈ ఫుట్‌బాల్ కాలితో తన్నేది కాదు మాస్టారూ. బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తేవాడిని అవతలి జట్టు కిందపడేయాలి. అమెరికాలో జట్టుకి పదకొండు మంది, ఇక్కడ పన్నెండు. మొదటిసారి చూసినప్పుడు నాకు వీళ్ళంతా కూత లేని కబడ్డీ ఆడుతున్నట్టే అనిపించింది.

ఆ సెప్టెంబరులో ఒక సాయంత్రం, పని అయ్యాక, గడ్డిలో మనవాళ్ళు నలుగురికి సరదాగా చీలమండ పట్టు చూపిస్తున్నాను. కంచె అవతలనుంచి ఒక పెద్దాయన చూస్తూ నిలబడ్డారు. అరవై ఏళ్ళ మనిషి, ఎర్రటి ముఖం, కుంటినడక. ఆయనే వెర్నన్ గారు, జట్టు అసిస్టెంట్ కోచ్. పడగొట్టేవాళ్ళకి తర్ఫీదు ఇవ్వడం ఆయన పని. దగ్గరికొచ్చి, ‘పట్టుకునే ముందు నువ్వు వాడిలో ఏం చూస్తున్నావు?’ అని అడిగారు. మీరు చెప్పిందే చెప్పాను. కళ్ళు మోసం చేస్తాయి, భుజాలు మోసం చేస్తాయి, నడుము మోసం చేయలేదు, అందుకని నడుమే చూస్తాను అన్నాను. ఆయన, ‘ఇది మా కుర్రాళ్ళకి చెప్పి చెప్పి ముప్పై ఆరేళ్ళయింది. నీకెవరు చెప్పారు?’ అన్నారు. మీ పేరు చెప్పాను. పలకడానికి తంటాలుపడ్డారు. మర్నాడే హెడ్ కోచ్ ట్రెంట్‌తో చెప్పి నన్ను జెర్సీల దగ్గర్నుంచి మైదానంలోకి తెచ్చుకున్నారు.

ఆయన సంగతి మీకు తెలియాలి. ఊరు కాన్సస్ రాష్ట్రం. అక్కడొక కాలేజీలో ఆడుతూ మోకాలు పోగొట్టుకున్నారు. ఆట వదల్లేక అదే కాలేజీలో కోచ్‌ల కింద చేరి, ఫిల్ము డబ్బాలు మోస్తూ, ఆఫీసు సోఫాలో పడుకుంటూ పని నేర్చుకున్నారు. అక్కడినుంచి తొమ్మిది కాలేజీలు. అమెరికాలో అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం హెడ్ కోచ్ దయ మీద ఉంటుంది. జట్టు ఓడితే పెద్దాయన్ని తీసేస్తారు. కొత్తగా వచ్చినవాడు తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. పాతవాళ్ళంతా సామాను సర్దుకోవాలి. ‘నా తప్పుకి వదిలిన ఊళ్ళు రెండు, పక్కవాడి తప్పుకి వదిలినవి ఆరు’ అని నవ్వేవారు. నాలుగో ఊళ్ళో ఆయన భార్య, ఇక పెట్టెలు కట్టలేనని చెప్పి కూతురితో అక్కడే ఉండిపోయింది. మోంటానాలో ఒక్కసారి హెడ్ కోచ్ పదవి దాకా వెళ్ళారు. ఇంటర్వ్యూ బాగా అయింది. కొత్త కోటు కొనుక్కుని కూతురికి ఫోన్ చేసి చెప్పుకున్న మర్నాడు, వేరే అతనికి ఇచ్చామని కబురొచ్చింది. ఆ వేరే అతను ఈయన దగ్గర ఆడినవాడే. అతని కిందే మరో రెండేళ్ళు పనిచేశారు. కష్టంగా లేదా అని అడిగితే, ‘కుర్రాళ్ళు మారలేదు కదా’ అన్నారు.

కోవిడ్ ఏడాది ఆటలు లేవు. ఆ ఏడాదంతా ఆయన గదిలో కూర్చుని పాత ఆటల వీడియోలు చూశాం. వాటికి శబ్దం ఉండదు. ఒక్కో ఆటగాడి అడుగునీ ఆపి, వెనక్కి తిప్పి, ఎక్కడ బరువు వేశాడో, ఎందుకు పడిపోయాడో చూపించేవారు. ఈ ఆటలో నాకు తెలిసిందంతా ఆ గదిలో నేర్చుకున్నదే. చదువు అయ్యాక పొద్దున గోడౌన్‌లో పని, సాయంత్రం ఆయన కింద పార్ట్‌టైమ్ కోచ్. 2021లో స్పందనా ధాత్రీ వచ్చారు.

ఆయనకి చెవులు వినపడవని నాకు తెలిసింది ఆ సీజన్‌లోనే. ప్రాక్టీసులో ఒక కుర్రాడు వెనకనుంచి మూడుసార్లు పిలిచినా తిరగలేదు. కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమది పావు వంతు ఉంది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి నెట్టుకొస్తున్నారు. మీటింగుల్లో ఎప్పుడూ గోడకి వీపు ఆనించి కూర్చునేది అందుకే. నేను గమనించానని ఆయనకీ తెలిసిపోయింది. కారులో కూర్చోబెట్టి చెప్పారు. ఇక్కడికి రాకముందు పనిచేసిన కాలేజీలో చెవికి మిషను పెట్టుకుని వెళ్ళారట. ‘మర్నాటినుంచీ అందరూ నాతో పసిపిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడారు. వేసవికి నా కాంట్రాక్టు లేదు. ఇంకో రెండు మూడు సీజన్లు చాలు అమర్, తర్వాత నేనే చెప్పి వెళ్ళిపోతాను’ అన్నారు. ఆయన కూడా నాలాగే వర్క్ పర్మిట్ మీద ఉన్నారని అప్పుడే తెలిసింది. ఉద్యోగం పోతే దేశం వదలాల్సిందే.

ఆట జరిగేటప్పుడు పైగదిలో కూర్చున్న కోచ్ ఏ ఎత్తు వేయాలో చెవికి తగిలించుకున్న హెడ్‌సెట్‌లో చెప్తాడు. కిందున్న వెర్నన్ గారు దాన్ని కుర్రాళ్ళకి సైగలతో అందించాలి. అది ఆయనకి వినపడదు. అందుకని నేను ఇంకో హెడ్‌సెట్ పెట్టుకుని ఆయన కుడిపక్క నిలబడేవాడిని. విన్నది నడుము దగ్గర వేళ్ళతో చూపించేవాడిని. మీరు కూతకి వెళ్ళినవాడికి గీత ఇవతలనుంచి వేళ్ళతో చెప్పేవారే, అలాగే. రెండు సీజన్లు ఎవరికీ అనుమానం రాలేదు.

మా ఇంట్లో ఒక్క ధాత్రి కనిపెట్టింది. శనివారాలు ఆట అయ్యాక ఆయన మా ఇంటికి భోజనానికి వచ్చేవారు. స్పందన చేసే పప్పుచారు గ్లాసులో పోసుకుని తాగేవారు. మూడేళ్ళ పిల్ల ఆయన ఒళ్ళో ఎక్కి, చుబుకం పట్టుకుని తనవైపు తిప్పుకుని, అప్పుడు మాట్లాడేది. ‘వై డు యూ డూ దట్?’ అని ఆయన అడిగితే ‘యువర్ ఇయర్స్ ఆర్ ఇన్ యువర్ ఐస్’ అంది. ఆయన చాలాసేపు నవ్వారు. వెళ్ళాక స్పందన, ‘పెద్దాయనకి ఎవరూ లేరండీ. వచ్చినప్పుడల్లా నేను బాక్స్ కట్టి ఇస్తా, మర్చిపోకుండా గుర్తుచేయండి’ అంది.

ఇక 2023. నా వర్క్ పర్మిట్ 2024 ఫిబ్రవరితో అయిపోతుంది. పార్ట్‌టైమ్ పనుల మీద పీఆర్ రాదు. ఫుల్‌టైమ్ జాబ్ లెటర్ కావాలి. గోడౌన్‌వాళ్ళు ఇవ్వలేమన్నారు. రెజైనా, సస్కటూన్, హామిల్టన్‌లో కూడా అప్లై చేశాను, ఒక్కచోటనుంచీ పిలుపు రాలేదు. మా జట్టులో ఫుల్‌టైమ్ అసిస్టెంట్ పోస్టులు మూడే. స్పందన వృద్ధాశ్రమంలో డ్యూటీ చేసి వచ్చి కాళ్ళకి నూనె రాసుకుంటూ, ‘ఫిబ్రవరి తర్వాత ఏం చేద్దామండీ? పాపని స్కూల్లో వేశాం, ఇప్పుడు తీసుకెళ్ళి అక్కడ ఏం చెప్తాం?’ అనేది. కోపంతో కాదు, మామూలుగానే అడిగేది. ఆ నెలల్లోనే నేను మైదానంలో ఆయన పక్కన నిలబడి, ఇప్పుడు ఈ పని నిజంగా ఎవరు చేస్తున్నారు అని ఆలోచించడం మొదలుపెట్టాను. వినేది నేను. చెప్పేది నేను. ఉద్యోగం ఆయనది. ఇలా ఆలోచించానని రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆలోచించాను.

అక్టోబర్ మూడో శనివారం సొంత మైదానంలో ఆట ఉంది. గెలిస్తే ముందుకి వెళ్తాం. ఆ రోజే నాకు పీఆర్ కోసం రాయాల్సిన ఇంగ్లిష్ పరీక్ష పడింది, రెజైనాలో. పడింది అంటున్నాను గానీ తేదీ నేనే ఎంచుకున్నాను. ఆదివారం కూడా ఖాళీ ఉంది. శనివారం మీద ఎందుకు నొక్కానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. వెర్నన్ గారితో చెప్తే, ‘వెళ్ళు, నీ భవిష్యత్తు ముఖ్యం. ఒక్క ఆట నేను ఎలాగో నెట్టుకొస్తాలే’ అన్నారు.

నెట్టుకురాలేకపోయారు. చివరి పావుగంటలో పైనుంచి చెప్పిన మార్పు ఆయనకి అందలేదు. కుర్రాడు ఒకడు తక్కువగా, పదకొండు మందే మైదానంలో నిలబడ్డారు. ఖాళీగా ఉన్న వైపునుంచి అవతలివాడు పరిగెత్తి వెళ్ళిపోయాడు. నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. ఈ సంగతి నాకు పరీక్ష గది బయట ఫోన్ చూసుకుంటే తెలిసింది.

సోమవారం ట్రెంట్ నన్ను తన గదికి పిలిపించాడు. ‘నువ్వు రోజూ ఆయన పక్కనే ఉంటావు. వెర్నన్‌కి ఏమైంది?’ అని అడిగాడు. సూటిగా అడిగాక నేను అబద్ధం చెప్పలేకపోయాను. ఉన్నది చెప్పాను.

నవంబరు ఆఖరున వెర్నన్ గారికి కాగితం ఇచ్చారు. చెవుల మాట అందులో లేదు. జట్టు ఏర్పాట్లు మారుస్తున్నామనీ, వచ్చే ఏడాదికి కాంట్రాక్టు పొడిగించడం లేదనీ ఉంది. ఆయన గొడవ చేయలేదు. చేస్తే నిలిచేవారేమో. ఈ దేశంలో చెవులు వినపడవని ఉద్యోగం తీసేయకూడదు, అందుకు చట్టం ఉంది. ఆ సంగతి నాకు డిప్లొమాలో ఒక పేపరుగా చెప్పారు, దానికి ఎనభై ఆరు మార్కులు కూడా వచ్చాయి. ఆయనకి మాత్రం నేను చెప్పలేదు.

వెళ్ళేముందు ఆయనే ట్రెంట్ దగ్గరికి వెళ్ళి, ‘నా స్థానంలో బయటివాళ్ళని తీసుకోకు, అమర్‌ని తీసుకో’ అని చెప్పారు. జనవరిలో నాకు ఉద్యోగం ఇచ్చారు. వర్క్ పర్మిట్ పొడిగించారు, తర్వాత పీఆర్ కూడా వచ్చింది. మీరు కరపత్రంలో వేయించాలనుకున్నది ఈ ఉద్యోగమే.

అంతకుముందు డిసెంబరులో వెర్నన్ గారు సామానంతా పికప్ ట్రక్కులో వేసుకుని మా ఇంటికి వచ్చారు. పదో ఊరు ఖాళీ చేయడం కాబట్టి సర్దడం బాగా అలవాటైందని అన్నారు. స్పందన ఏడ్చింది. ధాత్రి ఎప్పటిలా ఆయన ముఖం తనవైపు తిప్పుకుని ‘కమ్ బ్యాక్ సాటర్‌డే’ అంది. ఆయన నాతో, ‘ఆ రోజు లేనని నీమీద నువ్వు కోపం తెచ్చుకోవద్దు, నేనే నీకు ముందు చెప్పి ఉండాల్సింది, నిన్ను రెండేళ్ళు నా అబద్ధం మోయించాను’ అని క్షమాపణ చెప్పారు. ఆయన నాకు. నేను ఏమీ మాట్లాడలేదు. నా పెదాలు కదలకపోతే ఆయనకి వినడానికి ఏమీ ఉండదు కదా.

ఇప్పుడు కాన్సస్‌లో కూతురి దగ్గర ఉన్నారు. మిషన్లు పెట్టుకున్నారట. పక్కనున్న హైస్కూల్లో పిల్లలకి జీతం లేకుండా ఆట నేర్పుతున్నారు. మా ఆటలు ఇంటర్నెట్‌లో చూసి, ప్రతి ఆటకీ నాకు మెసేజ్ పెడతారు. మొన్న సీజన్ చివరి ఆట గెలిచినప్పుడు, ‘మూడో భాగంలో నీ కుర్రాళ్ళు నడుములే చూశారు. మీ మాస్టారికి నా నమస్కారం చెప్పు’ అని రాశారు. మీ పేరు కూడా రాశారు, అక్షరాలు తప్పుగా. అందుకని ఆయన నమస్కారం మీకు అందజేస్తున్నాను.

ట్రెంట్‌కి చెప్పింది నేనేనని ఆయనకి ఇంకా చెప్పలేదు. ఇంగ్లిష్‌లో నాలుగుసార్లు మొదలుపెట్టి తుడిపేశాను. స్పందనకి కూడా తెలియదు. తెలుగులో, మీకు, ఒక్కసారి చెప్పగలిగితే ఆయనకీ చెప్పగలనేమో అనిపించింది. మీరు నా కూత మధ్యలో ఆగితే బెత్తంతో కొట్టారు గానీ, ఆడి ఓడిపోతే ఒక్కనాడూ కొట్టలేదు. మీ ముందు శాలువా కప్పించుకుని ఫోటో దిగి, ఆ ఫోటో ఆయనకి పంపి, ఆయన సంతోషిస్తూ రాసిన జవాబు చదువుకోవడం నావల్ల కాదు. నా బదులు ఇప్పటికీ ఊళ్ళోనే ఉండి ఆడపిల్లల జట్టుని నడుపుతున్న రత్నకుమారికి చేయండి. ఆమె ఆట నేను చూశాను, నాకంటే పైమెట్టు.

కోపం వస్తే రాయండి. రాయకపోయినా అర్థం చేసుకుంటాను. అమ్మగారికి, హైమావతి అక్కకి మా ముగ్గురి నమస్కారాలు. చలికాలం మోకాలికి గుడ్డ చుట్టుకుని గ్రౌండుకి వెళ్ళండి.

మీరు తిట్టినా మీ శిష్యుడే అయిన,
అమరేశ్వరరావు.

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. పైన ఒకచోట మీకు అబద్ధం రాశాను మాస్టారూ.

ఆ సోమవారం ట్రెంట్ నన్ను పిలిపించలేదు. నన్నెవరూ ఏమీ అడగలేదు. ఓటమికి కుర్రాళ్ళ అజాగ్రత్తే కారణమని అతను నమ్మాడు. ఆ పొద్దున వాళ్ళచేత శిక్షగా పరుగులు కూడా తీయించాడు. నేనే వెళ్ళి అతని తలుపు తట్టాను. ఏ మాట తర్వాత ఏ మాట చెప్పాలో గోడౌన్‌లో పెట్టెలు పేరుస్తూ ఇంగ్లిష్‌లో కూర్చుకుని మరీ వెళ్ళాను. అంతా విని ట్రెంట్ లేచి తలుపు మూశాడు. ‘నువ్వు పొరబడి ఉండొచ్చు. అలా అయితే ఇప్పుడే చెప్పు, ఈ మాట నేను విననట్టే’ అన్నాడు. నాకు వెనక్కి వెళ్ళే దారి ఇచ్చాడు. నేను, ‘నమ్మకం లేకపోతే వెనక నిలబడి పిలిచి చూడండి’ అన్నాను.

ఆ సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక వెర్నన్ గారు మైదానంలో ప్లాస్టిక్ కోన్లు ఏరుతున్నారు. నేను ఆయనకి ఎదురుగా, పది అడుగుల్లో ఉన్నాను. ట్రెంట్ వచ్చి ఆయన వెనక నిలబడి, ‘వెర్నన్’ అని పిలిచాడు. రెండోసారి గట్టిగా పిలిచాడు. మూడోసారికి మైదానం అవతల బస్సు ఎక్కుతున్న కుర్రాళ్ళు కూడా ఆగి ఇటు చూశారు. వెనక ఏం జరుగుతోందో ఎదుటివాళ్ళ ముఖంలో చదువుకోవడం ఆయన అలవాటు. తలెత్తి నా ముఖం చూశారు. చూసి నవ్వారు. నేను ఒక్కసారి కనుబొమ్మ ఎగరేస్తే చాలు, వెనక్కి తిరిగేవారు.

నేను కిందికి వంగి, ఊడిపోని షూ లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నాను.